పల్లె పంతులు మాట: తెలుగు క్రైస్తవ బోధ గద్యంపై ఒక పరిశీలన

తెలుగు గద్య వికాసాన్ని చెప్పేటప్పుడు మనం సాధారణంగా శాసనాలతో మొదలుపెడతాం. దక్షిణాంధ్ర వచనాలు, కైఫీయతులు దాటి చిన్నయసూరి దగ్గర ఆగుతాం. అక్కడినుంచి వీరేశలింగం, గురజాడ, గిడుగుల మీదుగా పత్రికా భాషకు వచ్చి చేరుకుంటాం. తరగతి గదిలో మేము మూడు దశాబ్దాలుగా చెబుతూ వచ్చిన వరుస కూడా ఇదే. ఈ వరుసలో ఒక గద్యానికి చోటు లేదు. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో, రైలు కార్మికుల వాడల్లో, గని కూలీల వరసగదుల్లో ఆదివారం పొద్దున చదువురాని జనం ముందు నిలబడి ఒక మనిషి చెప్పిన మాట అది. దానిని 'మిషనరీ తెలుగు' అని ఒక్క ముక్కలో తోసివేయడం మనకు అలవాటైంది. ఆ తీర్పు ఎంతవరకు న్యాయమో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ముందుగా రెండు వస్తువులను వేరుచేసి చూడాలి. ఒకటి బైబిలు అనువాద భాష, రెండవది బోధకుని నోటి భాష. విమర్శకులు మొదటిదానిని చూసి రెండవదానిపై తీర్పు చెప్పారు.

అనువాద భాష చరిత్ర పాతది. అది మన ప్రాంతంతో ముడిపడినది కూడా. 18వ శతాబ్ది మొదటి సగంలో తరంగంబాడికి, అక్కడినుంచి మద్రాసుకు వచ్చిన జర్మన్ బోధకుడు బెంజమిన్ షుల్జ్ తెలుగు నేర్చి, తెలుగుకు వ్యాకరణం రాసి, బైబిలును తెలుగు చేశాడు. ఆ అనువాదం అచ్చుకాలేదు. 1805లో విశాఖపట్నం చేరిన లండన్ మిషనువారు ఆనందరాయరు అనే తెలుగు పండితుని సాయంతో చేసిన సువార్తలు 1812లో శ్రీరాంపూరులో అచ్చయ్యాయి. ఆ తర్వాత ఎన్నో చేతులు దిద్దగా స్థిరపడిన అనువాదమే ఈనాటికీ ఎక్కువ సంఘాల్లో చదివే గ్రంథం. 1990ల తర్వాత వాడుక భాషలో అనువాదాలు వచ్చినా పాతదానిని అవి పక్కకు తప్పించలేదు. 'చెప్పెను', 'వచ్చెను', 'యుండెను' అనే క్రియారూపాలు, ద్రుతసంధులు, సంస్కృత సమాసాలు దాని లక్షణాలు. పండితునికి అది చాలినంత గ్రాంథికం కాదు, పామరునికి చాలినంత వాడుక కాదు. ఇద్దరి మధ్యా నిలిచిన భాష అది.

బోధకుని నోటి భాష దానికి వ్యాఖ్యానంగా పుట్టింది. చదివిన భాగం అర్థం కావాలంటే దానిని తిరిగి చెప్పాలి. తిరిగి చెప్పడంలోనే గద్యం పుడుతుంది.

తమిళనాడు ఉత్తర భాగంలోని ఒక పట్టణంలో మేము విన్న ఒక ఆరాధన ఇక్కడ ప్రస్తావించదగినది. అక్కడ తెలుగు కుటుంబాలు మూడు నాలుగు తరాలుగా స్థిరపడి ఉన్నాయి. పిల్లలు తమిళ మాధ్యమంలో చదువుకుంటారు, తెలుగు లిపి రాదు. ఆనాటి పాఠాన్ని ఒక బాలిక తమిళ లిపిలో రాసుకొన్న నోటుపుస్తకం చూసి చదివింది. పరుష సరళాలకు ఆ లిపిలో వేరువేరు గుర్తులు లేవు గనుక 'పాపము' ఆమె నోట 'పాబము' అయింది. ఎవరూ నవ్వలేదు. చదవడం ముగిశాక వృద్ధుడైన బోధకుడు లేచి, గ్రంథం మూసి, అదే కథను ఇంటి మాటలో మళ్లీ చెప్పాడు. ఒక నాయనకు ఇద్దరు కొడుకులు, చిన్నోడు నా పాలు నాకిచ్చెయ్ అనె, తీసుకొని దూరదేశం పోయె, ఉన్నదంతా పోగొట్టె, పందుల దగ్గర కూలికి కుదిరె. ఇలా సాగింది ఆ చెప్పడం. ఒక్కొక్క వాక్యం ఒక్కొక్క క్రియతో ఆగింది. కథ నడుమ విశేషణం ఒక్కటీ లేదు.

భాషాశాస్త్ర విద్యార్థిగా మమ్మల్ని ఆపినది ఆ క్రియారూపమే. 'అనె, పోయె, కుదిరె' అనేవి కోస్తా ఆంధ్ర శ్రోతకు పాతవాసన కొడతాయి. ఆ ఇళ్లలో అవి నేటికీ రోజువారీ మాటలు. అందువల్ల 'పోయెను' అన్న గ్రంథరూపం వారికి పుస్తకాల భాషలా వినిపించదు, తాత మాటలా వినిపిస్తుంది. బైబిలు తెలుగు కృతకమన్న తీర్పు కోస్తా జిల్లాల శిష్ట వ్యవహారాన్ని కొలబద్దగా పెట్టుకొని చేసినదని దీనివల్ల తేలుతుంది. సరళత ఒక మాటలో స్థిరంగా ఉండే గుణం కాదు, ఆ మాట ఎవరి చెవిలో పడుతుందో దానిని బట్టి నిర్ణయమయ్యేది. తెలుగు నేలకు బయట స్థిరపడిన తెలుగువారిని లెక్కలోకి తీసుకోకుండా సరళత గురించి మాట్లాడడం అసంపూర్ణం.

ఈ మాటకు పెద్ద ఉదాహరణ దోర్నకల్.

వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునెల్వేలి జిల్లా వెళ్లాళన్‌విళై గ్రామంలో ఒక గ్రామ గురువు కుమారుడుగా జన్మించాడు. ఆయన మాతృభాష తమిళం. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినా పట్టా తీసుకోలేదు. వై.ఎం.సి.ఏ. కార్యదర్శిగా దేశమంతా తిరిగాడు. 1903లో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘం, 1905లో శ్రీరాంపూరులో జాతీయ మిషనరీ సంఘం ఏర్పడడంలో ఆయన పాత్ర ముఖ్యమైనది. మతప్రచారానికి డబ్బు, మనుషులు, అధికారం పైదేశాలనుంచే రానక్కరలేదన్నది ఆ సంఘాల మూలసూత్రం. 1909లో గురువుగా అభిషేకం పొంది నిజాం రాజ్యంలోని దోర్నకల్‌కు వచ్చాడు. అప్పటికి ముప్పై అయిదేళ్లు. ఆ వయసులో కొత్త భాష నేర్చి, ఆ భాషలోనే జీవితకాలపు పని చేశాడు. 1912 డిసెంబరులో కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తుడయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో భారతీయుడైన మొదటి బిషప్పు ఆయనే. 1945 జనవరి 1న మరణించేవరకు దోర్నకల్‌లోనే ఉన్నాడు.

1909 అన్న సంవత్సరాన్ని తెలుగు భాషా చరిత్ర పక్కన పెట్టి చూడాలి. గిడుగు, గురజాడ, యేట్సు దొర ప్రభృతులు బడిలో చెప్పే తెలుగు గురించి ఆలోచిస్తున్న కాలమది. పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి సవరల భాష నేర్చుకొంటూ, జీవభాష విలువను గ్రహించి, గ్రాంథిక వాదులతో తలపడడానికి సిద్ధమవుతున్నాడు. అదే కాలంలో ఒక తమిళుడు తెలంగాణ పల్లెలో మాల మాదిగల తెలుగు చెవిన వేసుకొంటున్నాడు. ఈ ఇద్దరికీ పరస్పర సంబంధం ఉన్నదని మేము చెప్పడం లేదు. కాని ఇద్దరికీ ఎదురైన ప్రశ్న ఒక్కటే: బడికి రాని మనిషికి ఏ భాషలో చెప్పాలి? గిడుగు దానిని వాదంగా మార్చి పుస్తకాల్లో గెలిచాడు. పల్లె బోధకులు దానిని ప్రతి ఆదివారం నోటితో పరిష్కరించుకొన్నారు. మొదటిది చరిత్రకెక్కింది. రెండవదానికి లిఖిత సాక్ష్యం తక్కువ గనుక అది మన కంటపడలేదు.

దోర్నకల్ పద్ధతిలో మూడు అంశాలు గమనార్హమైనవి.

మొదటిది, కంఠస్థం. చదువురానివారికి గ్రంథం చేతికివ్వడం వృథా. అందుచేత కథ, పాట, ప్రశ్నోత్తరం అనే మూడు దారుల్లో బోధ సాగింది. పాట విషయంలో అప్పటికే గట్టి పునాది ఉంది. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టి, 1833లో కటకంలో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి కట్టిన కీర్తనలు తెలుగు సంఘాలన్నిటా వ్యాపించాయి. ఒడిశా అంచున పుట్టిన పాటలు, తిరునెల్వేలినుంచి వచ్చిన బోధకుడు, తెలంగాణ శ్రోతలు. ఈ కూడిక తెలుగు క్రైస్తవానికే ప్రత్యేకం. మాటల్లో కూడా ఈ ప్రయాణం కనిపిస్తుంది. 'సిలువ' అనే మాట సిరియా భాషనుంచి దక్షిణ దేశానికి వచ్చి, తమిళ మలయాళాల మీదుగా తెలుగుకు చేరింది. 'పాదిరి' పోర్చుగీసు, 'బాప్తిస్మము' గ్రీకు, 'కృప', 'రక్షణ' సంస్కృతం. నాలుగు దిక్కులనుంచి వచ్చిన ఈ మాటలు పల్లె నోట పడి తెలుగు మాటలయ్యాయి.

రెండవది, బోధ చేసే హక్కు. బాప్తిస్మం పొందిన ప్రతివారూ తమ తలపై చేయి ఉంచుకొని, సువార్త చెప్పకపోతే తమకు శ్రమ అని పలికే ఆచారాన్ని అజరయ్య నెలకొల్పాడు. మతపరంగా దాని అర్థం ఏమైనా, భాషాపరంగా దాని ఫలితం పెద్దది. అప్పటివరకు దొర ముందు, ఆసామి ముందు తలవంచి వినడమే తప్ప మాట్లాడడం ఎరుగని మనిషిని అది వక్తను చేసింది. నలుగురి ముందు నిలబడి వరుసగా అయిదు వాక్యాలు చెప్పగలగడం ఒక తరంలో సంపాదించిన శక్తి. వంటకు బియ్యం తీసినప్పుడల్లా పిడికెడు సంఘం కుండలో వేసే స్త్రీ, అడిగించుకొనే స్థానం నుంచి ఇచ్చే స్థానానికి వచ్చింది. ఈ రెంటినీ కలిపి చూడాలి.

మూడవది, సంబోధన. మాకు అన్నిటికంటె ముఖ్యంగా తోచినది ఇదే. 'పంతులు' అన్నది బ్రాహ్మణ ఉపాధ్యాయుల, ఉద్యోగుల పేర్ల చివర గౌరవంగా నిలిచిన మాట. మిషను బడి పెట్టిన పల్లెలో బడి చెప్పి, రాత్రి ప్రార్థన జరిపే మనిషిని జనం 'పంతులుగారు' అన్నారు. ఆయన పుట్టుక మాలవాడలోనో మాదిగవాడలోనో. ఊరి ఆసామి ఆయనను 'ఒరే' అని పిలిచిన రోజునే పల్లె ఆయనను 'అండీ' అన్నది. తెలుగులో సర్వనామానికీ క్రియకూ మధ్య కులం, వయసు, హోదా దూరి కూర్చుంటాయి. 'వాడు వచ్చాడు', 'అతడు వచ్చాడు', 'ఆయన వచ్చారు' అనేవాటి మధ్య తేడా వ్యాకరణం కాదు, సమాజం. ఒక పదానికి కులం మారడం శాసనసభలో చట్టం చేసినంత పని.

అయితే ఇక్కడే ఒక లోపం కూడా చెప్పక తప్పదు. అనువాద గ్రంథంలో యేసుకు 'ఆయన' అనే గౌరవం స్థిరంగా దక్కింది. కుంటివాడు, గుడ్డివాడు, సేవకుడు, దొంగ మాత్రం తరచు 'వాడు'గానే మిగిలారు. గ్రీకు మూలంలో ఈ భేదం లేదు, ఇది తెలుగు చేతి పని. దీనులను ఎత్తిపట్టే కథను దీనులను 'వాడు' అనే భాషలో చదవడం ఒక అసంగతం. మంచి బోధకుడు తిరిగి చెప్పేటప్పుడు దీనిని తెలియకుండానే సవరించాడు. మేము విన్న వృద్ధుడు గుడ్డివానిని 'ఆ పెద్దాయన' అన్నాడు. అనువాదకులు చేయలేని దిద్దుబాటు అది.

నిరాడంబర బోధ అనగానే మిషనరీ మహానుభావుల చిత్రాలు ముందుకు వస్తాయి. ఒంగోలులో జాన్ క్లౌ చేసిన పని ఇందుకు ఉదాహరణ. 1876-78 కరవులో బకింగ్‌హాం కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ల పని ఆయన గుత్తకు తీసుకొని కూలి ఇప్పించాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకుండా కరవు పని సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపాడు. తర్వాత 1878 జూలై 3న ఒక్క రోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఈ సంఖ్య ప్రపంచమంతా తెలిసింది. ఆ కాలువ గట్టున పనివారిని చూసుకొంటూ, విరామంలో వారితో కూర్చొని కథలు చెప్పిన తెలుగు బోధకుల మాటలు ఎవరికి తెలుసు? వారికి ముందు దారి తీసిన ఎర్రగుంట్ల పేరయ్య తోలు వ్యాపారం చేసిన మాదిగ, అంతకుముందు రాజయోగ గురు సంప్రదాయంలో శిష్యుడు. ఆయన నోట కొత్త మతం పాత తత్వాల పరిభాషలోనే పలికి ఉండాలని ఊహించడం కష్టం కాదు. సంఖ్యలు నివేదికల్లో ఉన్నాయి, వాక్యాలు గాలిలో కలిశాయి. తెలుగు క్రైస్తవ చరిత్ర రచనలోని ప్రధాన లోపం ఇదేనని మా అభిప్రాయం.

ఇక జాతీయ జీవితం మాట. విశ్వాసం దేశ జీవితంలోకి ఎలా ప్రవేశించాలి అన్న ప్రశ్నకు అజరయ్య ఇచ్చిన సమాధానం ఆలోచించదగినది. 1910 ఎడిన్‌బరో సభలో ఆయన విదేశీ మిషనరీల త్యాగాన్ని మెచ్చుకొంటూనే, మాకు మీ దయకంటె స్నేహం కావాలి అన్న అర్థంలో మాట్లాడాడు. దొరతనపు దాతృత్వంపై అది వినయంగా పెట్టిన అభియోగం. 1919లో తరంగంబాడిలో సంఘాల ఐక్యతకు పిలుపునిచ్చినవారిలో ఆయన ముందున్నాడు. ఆ ప్రయత్నం 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘంగా ఫలించింది. దానిని చూడడానికి ఆయన లేడు. 1930లలో క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు వద్దని గట్టిగా వాదించాడు. సంఘం ఒక రాజకీయ వర్గంగా గోడ కట్టుకొంటే దాని బోధ చచ్చిపోతుందని ఆయన భయం. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ దేవాలయం గుమ్మటాలు, స్తంభాలు కూడా ఈ మాటనే రాతిలో చెబుతాయి: మసీదునూ కోవెలనూ తలపించే రూపంలో క్రైస్తవ మందిరం.

అదే దశకంలో గాంధీజీ 'హరిజన్' పత్రికలో సామూహిక మతమార్పిడులను విమర్శించాడు. సేవ వెనుక మతం మార్చే ఉద్దేశం ఉండరాదన్నది ఆయన పక్షం. పల్లె మనిషికి తన దారి తాను ఎంచుకొనే బుద్ధి ఉంది, అతనిని ఎవరో మోసగించారనడం అతనిని తక్కువ చేయడమే అన్నది అజరయ్య పక్షం. ఇద్దరూ నిరాడంబరులు, ఇద్దరూ పల్లె భాష విలువ తెలిసినవారు. ఈ వాదాన్ని నేడు చదివినప్పుడు విమర్శకునికి ఒక వెలితి తగులుతుంది. ఇద్దరు పెద్దమనుషులు ఎవరి గురించి మాట్లాడుకొన్నారో ఆ మనిషి మాట ఆ పుటల్లో దాదాపు లేదు. మాట్లాడడం నేర్పిన ఉద్యమం కూడా దేశం ముందు అతని బదులు తానే మాట్లాడింది.

దాని పర్యవసానం చిన్నది కాదు. రాజ్యాంగ సభలో క్రైస్తవ ప్రతినిధులు తమకు చట్టసభల్లో ప్రత్యేక స్థానాలు అక్కరలేదన్నారు. ఉదాత్తమైన నిర్ణయమని అందరూ మెచ్చుకొన్నారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల గుర్తింపును హిందువులకు పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు దానిని విస్తరించారు. క్రైస్తవులకు విస్తరించలేదు. ఆంధ్రలో వారిని వెనుకబడిన తరగతుల్లో 'సి' విభాగంగా లెక్కించారు. ఈ రెండు పరిణామాలూ వేరువేరు, ఒకటి మరొకదానికి కారణం కాదు. అయినా పక్కపక్కన పెట్టి చదివితే, నాయకుల త్యాగపు మాటకూ పల్లె మనిషి అనుభవానికీ మధ్య దూరం కొలవవచ్చు. ఆదివారం ఒక పేరు, కాగితం మీద మరొక పేరు మోసే రెండు పేర్ల బతుకు ఇక్కడే మొదలైంది. వినోబా, జయప్రకాశ్ వంటి పెద్దల వచనంలో నిరాడంబరతను కొలిచే మనం ఈ రెండు పేర్ల భాషను ఇంకా వినలేదు.

ఆ మాట సాహిత్యంలో వినిపించింది ఒక్క జాషువ గొంతులోనే అనడం అతిశయోక్తి అయినా అబద్ధం కాదు. వినుకొండలో పుట్టిన ఆ కవి 1941లో 'గబ్బిలం', 1958లో 'క్రీస్తు చరిత్ర' ప్రకటించాడు. రెండవదానికి 1964లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. ఆయన ఎన్నుకొన్నది పద్యం. పండితుల కోటను వారి ఆయుధంతోనే గెలవాలన్న పట్టుదల అందులో ఉంది. పల్లె పంతులు ఎన్నుకొన్నది గద్యం. అది గెలవడానికి కాదు, చేరడానికి. పురస్కారం పద్యానికి రావడం సహజమే. కాని ఆ పద్యం వెనుక ఆ గద్యం విన్న బాల్యాలు ఎన్నో ఉండి ఉంటాయి.

నేటి స్థితిని కూడా చెప్పకపోతే ఈ పరిశీలన స్తోత్రపాఠమవుతుంది. మేము ఇటీవల విన్న అనేక సభల్లో బోధ భాష రెండు విధాల చెడింది. ఒకటి ధ్వనివర్ధకం. వంద మందికి వెయ్యిమందికి వేసే కేక వేస్తే వాక్యం విరుగుతుంది, నినాదం మిగులుతుంది. రెండవది ఇంగ్లీషు వక్తృత్వపు నీడ. తెలుగు రాని అతిథి పక్కన నిలబడి వాక్యం వాక్యం అనువదించే పద్ధతి క్రమంగా తెలుగు వక్తల సొంత వాక్యానికే అచ్చుగా మారింది. ముక్కలు ముక్కలుగా, ముక్క ముక్కకూ విరామంతో, కర్త ముందు క్రియ వెనుక అన్న తెలుగు నడకను పోగొట్టుకొని సాగుతున్నది. బోధకుని వినయం ఎక్కడ ఉందో అతని క్రియాపదం చూపిస్తుంది. 'మనం' అన్నవాడు శ్రోతల మధ్య కూర్చున్నట్టు, 'మీరు' అని మాత్రమే అన్నవాడు ఎత్తున నిలబడినట్టు.

మేము ఒకప్పుడు ఈ భాషను పాఠ్యప్రణాళికలోనుంచి తీసివేయడానికి సమ్మతించాం. ప్రామాణికత లేదన్నది అప్పటి మా వాదం. ఆ వాదం తప్పని ఇప్పుడు ఒప్పుకొంటున్నాం. ప్రామాణికత అంటే అచ్చులో ఉండడమని మేము పొరబడ్డాం.

ఈ సందర్భంలో చేయవలసిన పని స్పష్టం. మద్రాసు వాడల్లో, కోలారు గని కాలనీల్లో, పర్లాకిమిడి బరంపురాల్లో, షోలాపురంలో, యానాంలో తెలుగులో ఆరాధించే వృద్ధులు ఇంకా ఉన్నారు. కోలారు గనులు 2001లో మూతపడ్డాయి, వారి పిల్లలు వేరే ఊళ్లకు, వేరే భాషలకు వెళ్లారు. ఆ వృద్ధులు తిరిగి చెప్పే కథలను ధ్వనిముద్రణ చేసి, మాండలిక రూపాలు దిద్దకుండా యథాతథంగా లిప్యంతరీకరించాలి. మతం ఏదైనా సరే, విశ్వాసం ఉన్నా లేకపోయినా సరే, తెలుగు పరిశోధకునికి ఇది విడువరాని సామగ్రి. మా విభాగపు విద్యార్థులు ఇద్దరు ఈ పనికి పూనుకొన్నారు. ఇతర రాష్ట్రాల మిత్రులు కూడా తమ తమ ఊళ్లలో చెవి ఒగ్గగలరని ఆశిస్తున్నాం. గుడ్డివానిని 'ఆ పెద్దాయన' అన్న ఆ బోధకుని గొంతు మొదటి ముద్రణగా మా దగ్గర ఉంది.